పాస్క్ కొట్టు కిటికీలో మా ఇద్దరి మొహాలు

పదకొండేళ్ళయింది నేను సిగరెట్టు ముట్టి. మీరైనా నమ్మండి. మా ఊళ్ళో నమ్మేవాళ్ళు లేరు.

కోరల్, నేనూ కవలలం. తను నాకన్నా ఇరవై నిమిషాలు ముందు పుట్టింది. ఆ ఇరవై నిమిషాల పెద్దరికాన్ని అరవై ఏళ్ళు నా నెత్తిన చెలాయించింది. పదిహేనో ఏట ఇంగ్లండు తూర్పు తీరాన మా గ్రిమ్స్‌బీ రేవు గోడ చాటున ఒకే సిగరెట్టు చెరో దమ్మూ లాగి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని దగ్గాం. ఆ తర్వాత దగ్గు పోయింది గాని సిగరెట్టు పోలేదు.

తను చేపల కోల్డ్ స్టోరేజీలో చేరింది. కిటికీల్లేని గది, జుట్టు రాలకుండా నెత్తిన వల, చేతికి రెండు జతల గ్లవుజులు. తెల్లారకముందే లోపలికి, పొద్దు వాలాక బయటికి. నేను క్లీథార్ప్స్ బీచిలో గాడిదల దగ్గర చేరాను. వేసవంతా పిల్లల్ని ఎక్కించుకుని అవి నడుస్తుంటే పగ్గం పట్టుకుని నేనూ నడవాలి. గాడిదలు కాయడం మా వైపు తిట్టు కాదు, ఉద్యోగమే. ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఎండా, ఆ ఉప్పుగాలీ మొహాన కొట్టించుకున్నాను.

నలభై తొమ్మిదో ఏట ఒకనాడు అద్దంలో చూసుకుంటే నా మూతి మీద మా అమ్మ మూతి కనబడింది. పై పెదవి మీద నిలువు గీతలు, తాడు లాగి బిగించిన సంచి మూతిలా. మా అమ్మ డెబ్భై నిండకుండానే పోయింది. శవపేటికలో కూడా ఆ మూతి ఇంకో దమ్ము కోసం చూస్తున్నట్టే ఉంది. ఆరోజే నా దగ్గరున్న సిగరెట్లన్నీ టాయిలెట్లో పోసేశాను. బస్టాపు పక్కన వేప్‌లు మాత్రమే అమ్మే పాస్క్ కొట్టుకెళ్ళి ఒకటి కొనుక్కున్నాను. ఆవిరి లాగే గొట్టం.

కోరల్ నన్ను చూసి పడీపడీ నవ్వింది. "ఏమే, పాలసీసా పట్టుకున్న ముసలిపాపలా ఉన్నావే! దాంట్లో ఏముంది, స్ట్రాబెరీయా?"

"నీ బూడిదకన్నా నయమే."

"సరే, అరవయ్యో పుట్టినరోజు నాడు ఇద్దరం పక్కపక్కన నిలబడదాం. ఎవరి మొహం ముందు జారిందో లోకమే చెబుతుంది."

ఆ మాట నేను పట్టుకున్నాను. సిగరెట్టు కోసం ఒళ్ళు పీకిన ప్రతిసారీ అరవయ్యో పుట్టినరోజు తల్చుకున్నాను. చదువులో, పెళ్ళిలో, ఇంటి విషయంలో కోరల్‌ని ఎన్నడూ గెలవలేదు. ఇదొక్కటి గెలుద్దామనుకున్నాను. బీచిలో పిల్లలుంటారని ఆ గొట్టం కూడా గాడిదల పాక వెనక్కెళ్ళి లాగేదాన్ని. అందుకే దాన్ని నా చేతిలో చూసినవాళ్ళు తక్కువ. కోరల్ కూడా అంతే, పెరటి గుమ్మంలో నిలబడి కాల్చేది. వీధిలో కాలిస్తే చవకబారు మనిషి అనుకుంటారని దాని భయం.

మాకు అరవై వచ్చిన వారం పాస్క్ కొట్టు నడిపే గావిన్ నన్ను లోపలికి పిలిచాడు. వాళ్ళమ్మా నేనూ ఒకే బడి. "ఆంటీ, మీరు కవలలంట కదా. మీరు ఆవిరి, ఆవిడ పొగ. ఒకే కడుపు, ఒకే వయసు. ఇద్దరి ఫొటోలూ కిటికీలో పెడితే ఇంక నేను నోరు విప్పి చెప్పాల్సిన పని లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. జుట్టు సెట్ చేయించుకుని, కోరల్‌ని లాక్కెళ్ళాను. తెల్ల లైటు కింద ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నాం. అతనేదో కాయితం చేతికిస్తే చదవకుండానే సంతకాలు పెట్టాం. గావిన్ ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచాడు, చూశాడు, తెరని తనవైపు తిప్పుకున్నాడు.

నేను వెనకనుంచి తొంగిచూశాను. కోరల్ మొహం పాల మీగడలా ఉంది. నలభై ఏళ్ళు ఎండ మొహం చూడని చర్మం. కొంచెం బొద్దు కూడా, అందుకని గీతలు నిండిపోయాయి. నా మొహం నీళ్ళు తీసిన మడిలా నెర్రెలు విచ్చి ఉంది.

సోమవారం బస్సు కోసం వెళ్తే కిటికీలో నిలువెత్తు పోస్టరు. కోరల్ మొహం కింద: పదకొండేళ్ళుగా ఆవిరి. నా మొహం కింద: నలభై అయిదేళ్ళుగా సిగరెట్టు.

లోపలికెళ్ళాను. "ఏరా గావిన్, పేర్లు తారుమారు చేశావేంట్రా?"

"పేర్లు రాయలేదు కదాంటీ."

"బుకాయించకు!"

"మరేం చెయ్యమంటారు? ఉన్నది ఉన్నట్టు రాస్తే జనం ఎదురుగా ఉన్న దుకాణానికెళ్ళి సిగరెట్లు కొంటారు. సిగరెట్టుతో ముడతలొస్తాయా రావా? వస్తాయి. మీ ఇంట్లో అది కుదరలేదు, అంతే. నేను రాసింది మీకు అబద్ధం, ఊరికి నిజం."

మండిపోతూ కోరల్ ఇంటికెళ్ళాను. అది నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. అప్పుడే అనుమానించాల్సింది. దగ్గు ఆగాక అంది, "ఉండనీవే. నా మొహం బాగుందని ఈ ఊళ్ళో ఎవరన్నారు ఇన్నేళ్ళూ? చేపల కంపు కొడుతోందని పక్కసీటు ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఇవాళ బస్సులో ఒకావిడ, ఆ పోస్టర్లో ఉన్నది మీరేనా అని అడిగింది. కొన్నాళ్ళు ఉండనీ."

సరేనన్నాను. మర్నాటి నుంచి ఆ కిటికీ వైపు చూడకుండా బస్సెక్కాను.

ఆ పక్షంలో బీపీ చూపించుకోడానికి వెళ్ళి నర్సు మొయిరాని అడిగాను. "పదకొండేళ్ళు మానేస్తే నాకొరిగిందేంటి?"

"ముడతలకి సిగరెట్టొక్కటే కారణమనుకున్నావా? ఎండ నిన్ను ఎంత తిన్నదో చూసుకున్నావా? పైగా పెదాలు ముడిచి పీల్చడం ఎక్కడ మానావు? ఆ ఆవిరిలోనూ నికోటిన్ ఉందిగా, అది చర్మానికి రక్తం సరిగా పారనివ్వదు. సిగరెట్టు చర్మాన్ని చెడగొడుతుందని మాకు బాగా తెలుసు. ఆవిరి ఎంత చెడగొడుతుందో చెప్పాలంటే ఇంకా ఏళ్ళు పట్టాలి. ఒకటి మాత్రం చెబుతా, నువ్వు మానకపోయుంటే ఇంకా అధ్వానంగా ఉండేదానివి."

"ఎంత అధ్వానంగా?"

"అది చూపించాలంటే మూడో కవల కావాలమ్మా," అంది మొయిరా.

ఫిబ్రవరిలో కోరల్ రుమాల్లో రక్తం పడింది. రెండు ఊపిరితిత్తులూ పోయాయన్నారు. పదకొండు వారాలు. లెక్కేసుకుంటే నవ్వొస్తుంది, నాకు పదకొండేళ్ళు, దానికి పదకొండు వారాలు. చివరిదాకా మొహం చెక్కుచెదరలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు, "ఎంత బాగున్నావో!" అని వెళ్ళేవాళ్ళు. అది నావంక చూసి కన్నుకొట్టేది. ఒక రాత్రి మాత్రం నా చెయ్యి పట్టుకుని, "నువ్వే గెలిచావే," అంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

మాలో అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి పాటలూ ప్రార్థనా అచ్చేసిన కాయితం పంచుతారు. దాని మీద పోయినవాళ్ళ ఫొటో ఉండాలి. ఫొటో తియ్యబోతే కోరల్ చెయ్యి అడ్డం పెట్టేది. దానికున్న మంచి ఫొటో ఒక్కటే. గావిన్ దగ్గరికే వెళ్ళాను.

గావిన్ వెంటనే తీసిచ్చాడు. నేనింకా కొట్టులో ఉండగానే స్టూలెక్కి పోస్టరు పీకేశాడు. "ఏమనుకోకండాంటీ. పోయినావిడ మొహం కిటికీలో ఉంటే సరుకు కదలదు." ఆ జాగాలో మామిడిపండు బొమ్మ అంటించాడు.

అంత్యక్రియలయ్యాక పాస్క్ కొట్టు పక్కనున్న క్లబ్బు మేడ మీద హామ్ శాండ్‌విచ్‌లూ టీ పెట్టించాను. బస్సు నడిపి రిటైరైన క్లైవ్ వచ్చాడు. గావిన్ కొట్టు ముందు స్టాపులో రోజుకి ఎనిమిదిసార్లు బస్సాపినవాడు. ఆ పోస్టరు చూసే తను సిగరెట్లు మానానని ఊరంతా చెప్పుకునేవాడు. మాని ఎనిమిది నెలలైంది. తన చేతిలోని కాయితం మీద కోరల్ ఫొటో చూసి, జేబులోంచి ఆవిరి గొట్టం తీసి, తాగేసిన టీ కప్పులో పడేశాడు.

"పాపం ఆవిరే కదా లాగింది! అయినా ఊపిరితిత్తులే పోయాయి. ఈమాత్రం దానికి నేనెందుకు ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నట్టు?"

"క్లైవన్నా, ఆవిరి లాగింది నేను. కోరల్ కడదాకా సిగరెట్లే కాల్చింది. వాడు తలకిందులు రాశాడు."

క్లైవ్ నా నుదుటి నుంచి గడ్డం దాకా చూశాడు. నా గీతలన్నీ ఒక్కొక్కటే చదివాడు. ఆయన కళ్ళల్లో కోపం లేదు, జాలి ఉంది. అదే నన్ను కాల్చింది.

"ఇవాళ కూడానా ఏవ్రిల్? పోయిన అక్క మీద నీ సిగరెట్లు వేస్తావా?"

కోరల్‌తో కోల్డ్ స్టోరేజీలో పనిచేసిన విన్నీ పక్క టేబిల్ దగ్గరే ఉంది. పెరట్లో కోరల్‌తో కలిసి వేల సిగరెట్లు కాల్చింది. "విన్నీ, నువ్వు చెప్పవే," అన్నాను.

విన్నీ శాండ్‌విచ్ అంచు తుంచుతూ కూర్చుంది. "పోయినవాళ్ళ గురించి ఇప్పుడెందుకులేమ్మా. మంచిదే చెప్పుకుందాం."

మా వైపు అదే మర్యాద. చచ్చినవాళ్ళ మంచి చెప్పుకుంటారు, దానికి బతికున్నవాళ్ళు ఏమైపోయినా సరే.

క్లైవ్ కిందికెళ్ళాడు. వెనకే వెళ్ళాను. వాన తుంపర పడుతోంది. ఎదురు దుకాణంలో సిగరెట్టు పెట్టె కొని, క్లబ్బు గుమ్మం చూరు కిందికొచ్చి మూత విప్పాడు. ఎనిమిది నెలలుగా దాచిన ఆకలి ఆ వేళ్ళల్లో కనబడింది. ఒకటి తను తీసుకుని, పెట్టె నా ముందు చాపాడు.

"తీసుకో. నీకు అలవాటేగా. ఇవాళ నిన్నెవరూ ఏమీ అనరు."

పదకొండేళ్ళ తర్వాత ఆ వాసన. నోట్లో నీళ్ళూరాయి, అబద్ధమెందుకు. ఒకటి తీశాను. తీసి రెండుగా విరిచాను. ఆయన పెదాల మధ్యదీ లాగి విరిచి వాన్లో పారేశాను.

క్లైవ్‌కి కోపం రాలేదు. ఇంకోటి తీసి, మూతి సంచిలా బిగించి, వెలిగించుకున్నాడు. పొగ వదిలి, నా చేతుల వంక చూసి తలాడించాడు.

"చూడు ఎలా వణుకుతున్నాయో," అన్నాడు. "నువ్వూ మానేసి ఉంటే బాగుండేదమ్మాయ్."