మంచం పక్క కుర్చీ

మూడో మంచం మీది పిల్ల చెయ్యి విడిపించుకున్నది నేనే. కంట్రాక్టరు కాదు, ఆస్పత్రి కాదు, ప్రభుత్వం కాదు. వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను, వదిలిపెట్టను. కానీ నా సంగతి దాచి వాళ్ళ సంగతి చెబితే మీరు నన్ను నమ్మకూడదు.

ఆ పిల్ల దర్జీ ఇంటి కోడలు. తొలి కాన్పు. పొద్దున పది గంటలకు ఆడపిల్ల పుట్టింది. నొప్పులు మొదలైనప్పటి నుంచీ నేను పక్కనే ఉన్నాను. నడుము రుద్దాను, నీళ్ళు తాగించాను, ఊపిరి ఎలా వదలాలో నేను వదిలి చూపించాను. అదే మా పని. చదువుకున్నవాళ్ళు డౌలా అంటారు. ఆస్పత్రి కాగితాల్లో మేము ప్రసవ సహాయకులం. వార్డులో మాత్రం అందరూ తోడమ్మ అనే పిలుస్తారు.

కాన్పు అయ్యేదాకా అందరూ తల్లి చుట్టూ ఉంటారు. అయ్యాక అందరూ బిడ్డ చుట్టూ చేరతారు. మా అసలు పని అక్కడ మొదలవుతుంది. బొడ్డు కింద చెయ్యి పెడితే గర్భసంచి గట్టిగా తగలాలి. మెత్తబడిందంటే లోపల రక్తం జారుతున్నట్టే. అప్పుడు గుండ్రంగా రుద్దుతూ నర్సును కేకెయ్యాలి. బిడ్డ నోటికి రొమ్ము అందించాలి. తల్లి కారణం లేకుండా ఏడిస్తే ఏడవనివ్వాలి. లేచి నిలబడితే పడిపోకుండా పట్టుకోవాలి. ఇదివరకు మొదటి రోజంతా మంచం పక్క కుర్చీలోనే ఉండేవాళ్ళం. తర్వాత పది రోజులు ఇంటికి వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. ఆస్పత్రి మా పనిని కాంట్రాక్టుకు ఇచ్చాక, కంట్రాక్టరు వచ్చి ముందు ఇళ్ళకు వెళ్ళడం మాన్పించాడు. తర్వాత రోజంతా కూర్చునేదాన్ని నాలుగు గంటలు చేశాడు. మా మెడల్లో ఒక కార్డు వేశాడు. కాన్పయిన నాలుగు గంటలకు అది కూస్తుంది. కూయగానే లేచి, కాన్పుల గదిలో ఇంకొకరి దగ్గరికి పోవాలి.

రెండు గంటలకు నా కార్డు కూసింది. సూపర్‌వైజరు వచ్చి నిలబడింది. ఆమెను మేము గడియారం అంటాం. ఒకప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని నాతో పాటు పని నేర్చుకున్న మనిషే.

"అక్కా, లే. అక్కడ ఇద్దరు అరుస్తున్నారు."

"కాసేపాగు. ఈ పిల్ల కడుపు మెత్తగా తగుల్తోంది."

"నర్సుకి నేను చెప్తాలే. నువ్వు లే."

నలభై మంచాలకు ఒక్క నర్సు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒక్క అరగంట ఉండమ్మా" అంది. నేను దాని వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. "ఇప్పుడే వస్తా తల్లీ" అన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను. లేవకపోతే ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

నాలుగింటికి నర్సు దుప్పటి తీసి చూసేసరికి పరుపు తడిసిపోయి ఉంది. బిడ్డ పక్కలో నిద్రపోతూనే ఉంది. పొద్దుగూకక ముందే తల్లి చనిపోయింది. దర్జీ భార్య, అంటే ఆ పిల్ల అత్తగారు, వరండాలో నా ముందుకొచ్చి నిలబడింది. తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే అడిగింది.

"నువ్వెక్కడున్నావు?"



మర్నాడు కంట్రాక్టరు రిపోర్టు వచ్చింది. సహాయకురాలు సకాలంలో తెలియజేయకపోవడం వల్ల ప్రాణం పోయిందని రాశాడు. లేవమన్నదీ వాడే, లేచినందుకు తప్పు పట్టిందీ వాడే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ లాండ్రీలో కలుసుకున్నాం. ఆస్పత్రి అడుగున ఉంటుంది లాండ్రీ. ఆవిరికి ఎదుటి మనిషి ముఖం కనిపించదు, మిషన్ల మోతకు పక్కవాళ్ళ మాట వినిపించదు. మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి చోటు మాకు లేదు. తోడమ్మలం పదకొండు మందిమి, దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళు పదిహేను మంది. ఆస్పత్రి డ్రైవర్ల యూనియన్ పెద్దాయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ముందు మాట్లాడింది బాయిలరత్త. ముప్ఫై ఏళ్ళుగా బాయిలరు చూస్తున్న మనిషి, అందుకే ఆ పేరు.

"పైన ఎవరు పోయారో డాక్టరు రాయకముందే మాకు తెలుస్తుందే. దుప్పటి కిందికొస్తుంది గదా. ఈ నెల్లో నాలుగు వచ్చాయి అలాంటివి. నాలుగూ నేనే నానబెట్టాను."

మాలో చిన్నది, నర్సు చదువు మధ్యలో మానేసిన అమ్మాయి, లేచింది. "సమ్మె చేద్దాం. రేపట్నుంచి పని ఆపేద్దాం."

"ఆపితే ఎవరు చస్తారే? కంట్రాక్టరు కంటాడా పిల్లల్ని?" అంది ఇంకో తోడమ్మ. "మనం పోకపోతే ఆ నాలుగు గంటలు కూడా ఎవరూ ఉండరు."

యూనియన్ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకో చిక్కుందమ్మా. మేం ఆపితే బండ్లు ఆగుతాయి, కనిపిస్తుంది. మీరు చెయ్యి పట్టుకుని కూర్చుంటారు. అది పనేనా అని అడుగుతారు పైవాళ్ళు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసేదే గదా అంటారు."

"మీ ఆవిడ కాన్పుకి ఎవరు కూర్చున్నారు నాయనా?" అని అడిగింది బాయిలరత్త.

"మా అమ్మ అప్పటికే లేదు. నేను డ్యూటీలో ఉన్నాను."

"మరి ఎవరు కూర్చున్నారు?"

ఆయన తల దించుకున్నాడు. "ఎవరూ లేరు" అన్నాడు. ఆ తర్వాత అది పనా కాదా అన్న మాట ఎత్తలేదు.

అప్పటిదాకా మూలన దుప్పట్లు మడతపెడుతున్న కోడలుపిల్ల తలెత్తింది. బాయిలరత్త ఒక్కగానొక్క కోడలు. తొమ్మిదో నెల. పొట్ట మీద దుప్పటి ఆనించి మడతపెట్టేది, బల్ల కన్నా ఇదే నయం అని నవ్వేది. ఆరోజు నవ్వలేదు.

"వచ్చే వారం నేనూ ఆ మంచం మీదే ఉంటాను పిన్నీ. నా దగ్గర ఎవరు కూర్చుంటారు?"

నేను ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాను.

"పని ఎందుకు ఆపడం?" అంది మళ్ళీ. "కార్డు కూసినా లేవకండి. అంతే గదా కావల్సింది. లేవకుండా కూర్చోండి."

అంత చిన్న మాట మా బుర్రలకు తట్టలేదు. అందరూ పని ఆపి సమ్మె చేస్తారు. మాది పని ఆపకుండా చేసే సమ్మె అని అక్కడే తేలిపోయింది. మరి కాన్పుల గదిలో అరుస్తున్నవాళ్ళ మాటేమిటని అడిగింది చిన్నది. ఆ ప్రశ్న దగ్గర గంటసేపు కొట్టుకున్నాం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి బాయిలరత్తే తేల్చింది. "మేం వస్తాం. షిఫ్టు దిగినవాళ్ళం పైకొచ్చి, మీరు అందని చోట కూర్చుంటాం. ఏం చెయ్యాలో నేర్పండి."

ఎలా నేర్పాలో నాకు తోచలేదు. వాళ్ళే చూపించారు. పిండిన దుప్పటిని చుట్టచుట్టి ఒకటి, పిండని తడి దుప్పటి చుట్టి ఒకటి బల్ల మీద పెట్టారు. కళ్ళు మూసుకుని రెండూ తాకి చూశాను. సరిగ్గా అలాగే ఉంటుంది. పిండినట్టు గట్టిగా తగిలితే భయం లేదు. పిండనట్టు మెత్తగా తగిలితే రుద్దాలి, కేకెయ్యాలి, లేవకూడదు. ముప్ఫై ఏళ్ళు తడి బట్ట పిండిన చేతులకు ఇంతకన్నా చెప్పేదేముంది? పది నిమిషాల్లో వచ్చేసింది వాళ్ళకు.

సోమవారం పదకొండు కార్డులు కూశాయి. ఒక్కరం కూడా లేవలేదు. గడియారం మంచం మంచానికీ తిరిగింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, నా కడుపు మీద కొట్టకు. మీరు లేవకపోతే నన్ను తీసేస్తారు."

"కూర్చో మరి. ఆ చివర కుర్చీ ఖాళీగా ఉంది."

ఆమె కుర్చీ వైపు చూసింది. ఒక్క క్షణం కూర్చుంటుందనే అనుకున్నాను. కూర్చోలేదు.

రెండో రోజు కంట్రాక్టరే వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వార్డు గుమ్మంలోనే నిలబడ్డాడు. "మీరు కూర్చున్నందుకు కాదమ్మా నేను జీతమిచ్చేది, మంచం మంచానికీ తిరిగినందుకు" అన్నాడు. అయిదో మంచం మీది తల్లి, నిన్నటిదాకా నోరెత్తని మనిషి, పడుకునే అడిగింది. "నువ్వెవరు బాబూ? ఆడవాళ్ళ వార్డులో నీకేం పని?" వార్డంతా నవ్వింది. కుట్లు సలుపుతున్నా పొట్ట పట్టుకుని నవ్వారు. మేము గెలిచింది ఏదైనా ఉందంటే ఆ అయిదు నిమిషాలే. కావాలంటే రాసుకోండి.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి కోడలుపిల్లకు మగపిల్లాడు పుట్టాడు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఒంటిగంటకు కార్డు కూసింది. మెడలోంచి తీసి నీళ్ళ చెంబులో వేశాను. అందులో కూడా కాసేపు కూసి ఆగిపోయింది. ఆ పిల్ల నవ్వింది. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూశాను. ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా తగులుతోంది. నాకు నచ్చలేదు. రుద్దుతూ కూర్చున్నాను.

రెండింటికి పోలీసులు వచ్చారు. ఆడ పోలీసులే, అందరూ పాతికేళ్ళలోపు పిల్లలు. రోగులకు ఆటంకం కలిగిస్తున్నామట, వార్డును ఆక్రమించామట. చిన్నదాన్ని జుట్టు పట్టుకుని లాగారు. మంచాల మీది తల్లులు తోడమ్మల చెంగులు పట్టుకున్నారు. పసిపిల్లలందరూ ఒక్కసారే ఏడుపు అందుకున్నారు. కోడలుపిల్ల నా చెయ్యి పట్టుకుంది, నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఈసారి నేను విడిపించుకోలేదు. విడిపించుకోలేదని మీకు చెప్పడానికే బతికున్నానేమో. ఒక పోలీసు పిల్ల నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఆరోజు నేను విప్పినట్టే విప్పింది. రెండు వేళ్ళు రాలేదు, విరిచి తీసింది.

నన్ను ఈడ్చుకుపోతుంటే గడియారం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "దాని కడుపు మెత్తబడుతోందే. నువ్వన్నా చెయ్యి పెట్టు. నీకు తెలుసు గదా" అని బతిమాలాను. ఆమె ముఖం తిప్పుకుంది.

జైల్లో పన్నెండు రోజులున్నాం. కోడలుపిల్ల ఉందో పోయిందో చెప్పేవాళ్ళు లేరు. అడిగితే, మాకేం తెలుసు అన్నారు. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటే నా అరచేతికి ఆ మెత్తదనమే తగిలేది.

బెయిలు మీద బయటికొచ్చిన రోజు ఆస్పత్రికి పోతే, గేటు దగ్గర బాయిలరత్త కూర్చుని ఉంది. ఆమెను లోపలికి రానివ్వడం లేదట.

"బతికిందే" అంది ముందు. తర్వాత మిగతాది చెప్పింది. మమ్మల్ని లాక్కుపోయాక ఆ పిల్ల తన చెయ్యి తనే బొడ్డు కింద పెట్టుకుంది. పిండని దుప్పటిలా తగిలింది. పిలిస్తే నర్సు రాలేదు. పక్క మంచం తల్లి, కుట్లతోనే, మెట్ల దాకా పాక్కుంటూ వెళ్ళి లాండ్రీలోకి కేకేసింది. కిందివాళ్ళు మిషన్లు వదిలేసి తడి చేతులతో పైకొచ్చారు. డాక్టరు వచ్చేదాకా వంతులేసుకుని రుద్దారు. ప్రాణం దక్కింది, గర్భసంచి తీసేశారు. ఇప్పటికీ లేచి నిలబడలేదు. పాలు ఇంకిపోయాయి. పైకొచ్చినందుకు బాయిలరత్తతో కలిపి అయిదుగురిని పనిలోంచి తీసేశారు.

ఇంక గెలుపు సంగతి. మా పదకొండు మంది కార్డులూ రద్దయ్యాయి. ఇద్దరు క్షమాపణ రాసిచ్చి మళ్ళీ చేరారు. వాళ్ళను నేనేమీ అనను, వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగాలి. కంట్రాక్టరుకు ఇంకో మూడేళ్ళు పొడిగించారు. మంచం మంచానికీ ఒక గంట బిగించారు, కావలిస్తే నొక్కుకోవాలి. స్పృహ తప్పిన మనిషి ఎలా నొక్కుతుందో ఎవరూ అడగలేదు. కుర్చీలన్నీ తీసేశారు. గంటలు వచ్చాక గడియారంతో పనేముంది, ఆమెనూ పంపించేశారు. కేసు తేలేసరికి మేము ముసలాళ్ళమవుతామని యూనియన్ పెద్దాయన చెప్పాడు. ఏదో ఒకరోజు గెలుస్తాం అని మీతో అనడానికి నాకు నోరు రావడం లేదు. మూడో మంచం మీదికి ఇవాళ కూడా ఎవరో ఒక పిల్ల వచ్చి ఉంటుంది.

అయితే ఒకటి ఆగలేదు. లాండ్రీ వాళ్ళు షిఫ్టు దిగాక చుట్టాలమని చెప్పి వార్డులోకి పోతున్నారు. కుర్చీలు లేవు కాబట్టి నేల మీద కూర్చుంటున్నారు. పట్టుబడినవాళ్ళను పట్టుబడినట్టే తీసేస్తున్నారు. నిన్న ముగ్గురి పని పోయింది.

ఇవాళ మధ్యాహ్నం గేటు ఎదురుగా అరుగు మీద నేనూ బాయిలరత్తా కూర్చున్నాం. ముందు రెండు దుప్పటి చుట్టలు. నేర్చుకోవడానికి నలుగురు వచ్చారు. నా వేళ్ళకు కట్లున్నాయి, నోటితోనే చెబుతున్నాను. వాళ్ళ వెనక, చంకలో పసిపిల్లతో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. దర్జీ భార్య. మళ్ళీ అదే అడుగుతుందనుకున్నాను.

ఆమె మనవరాలిని బాయిలరత్త ఒళ్ళో పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"చెయ్యి ఎక్కడ పెట్టాలి?"

చూపించాను. ఆమె కళ్ళు మూసుకుని తడి చుట్ట మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"మెత్తగా ఉంది."

"అయితే లేవకు."