ఎర్ర చెక్క విన్న మాట

నేను ఒక చెక్కముక్కను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, ఒళ్ళంతా ఎరుపు. ఇంతటితో ఆపేస్తే నా పరువు దక్కేది. కానీ నా వీపు మీద తెల్ల అక్షరాలతో 'రన్‌వే ఆక్యుపైడ్' అని ఇంగ్లీషులో రాసి ఉంది. రన్‌వే మీద ఎవరో ఉన్నారని దానర్థం. ఆ రెండు మాటలూ మోస్తూ ఒక రోజు, ఒకే ఒక్క రోజు, ఉండవలసిన చోట నేను లేను. ఆ సిగ్గే ఈ కథ.

నేను పుట్టింది దక్కనులోని ఒక వైమానిక స్థావరంలో. ఆఫీసర్ల మెస్సులో విరిగిన టేకు తలుపును కోసి, చిత్రిక పట్టి, మంటలార్పే బండికి పూయగా మిగిలిన ఎర్రరంగు నాకు పూశాడు వడ్రంగి. "ఇంత పెద్ద టవర్ల ఈ చెక్కతోని ఏం పని సార్?" అని అడిగాడు కూడా. నాకు ఒళ్ళు మండింది. తరువాత తెలిసింది, అడగవలసిన ప్రశ్నే అడిగాడని.

కంట్రోల్ టవర్ పై గదికి నాలుగు వైపులా అద్దాలే. అందులో రాడార్ తెర, దుర్భిణి, రంగు దీపాల తుపాకీ, గాలి ఎటు వీస్తోందో చూపే ముల్లు, పలికిన ప్రతి మాటనూ టేపు మీద పట్టే యంత్రం. ఇన్ని కోట్ల సరంజామా మధ్య మనిషి మతిమరుపుకు మందు మాత్రం నేనే. ఏ బండికైనా రన్‌వే మీదికి పొమ్మని అనుమతి ఇస్తే, కంట్రోలర్ వెంటనే నన్ను తీసి గాలి ముల్లుకు అడ్డంగా నిలబెట్టాలి. విమానాన్ని దిగమనేముందు గాలి సంగతి చెప్పి తీరాలి కదా. గాలి చూడాలంటే నన్ను తొలగించాలి. నా మీద చెయ్యి పడగానే, అయ్యో, కింద మనిషి ఉన్నాడే అని గుర్తు రావాలి. ఆ బండి తెల్లగీత దాటి, ఆగి, వెనక్కి చూసి 'రన్‌వే వెకేటెడ్' అనాలి, అంటే రన్‌వే ఖాళీ చేశానని. కంట్రోలర్ ఆ మాటను తిరిగి పలికి, దుర్భిణితో చూసి, అప్పుడు నన్ను తీయాలి. పద్ధతి ఇంతే. ఇందులో తెలివితేటలు అక్కర్లేదు, అందుకే తెలివైనవాళ్ళకు ఇది కష్టం.

రన్‌వే ఊడ్చే ట్రాక్టరు మొగిలయ్యది. యాభై దాటినవాడు, చుట్టుపక్కల పల్లెవాడే. మేకు ముక్క కానీ పిట్ట ఈక కానీ ఇంజనులోకి పోతే విమానానికి ముప్పు కనుక ఆయన పొద్దస్తమానం అవి ఏరుతుండేవాడు. ఇంగ్లీషులో ఆయనకు వచ్చిన మాటలు రెండే. 'రన్‌వే వకేటెడ్' అని పదకొండేళ్ళు పొల్లుపోకుండా చెప్పాడు. ఆ పదకొండేళ్ళూ నేను సుఖంగా బతికాను.

అప్పుడు వచ్చాడు కొత్త కంట్రోలర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ గొర్లె జగన్నాథం. విజయనగరం వైపు కుర్రాడు, ముప్పై నిండలేదు. పని తెలిసినవాడు, మంచివాడు కూడా. టవరంతా హిందీ మాట్లాడేవాళ్ళే. రోజంతా ఇంగ్లీషు, హిందీ పలికి పలికి నోరు ఎండిపోయిన మనిషికి, కింద ట్రాక్టరు మీద ఒక తెలుగు గొంతు దొరికింది. ఇంకేముంది, ప్రాణం లేచి వచ్చింది.

"ఏటి మొగిలయ్యా, మన మధ్య ఆ ఇంగ్లీసేటి? తెలుగులోనే సెప్పేయ్," అన్నాడు ఒక రోజు.

"గట్ల చెప్పొచ్చా సార్? రూలు ఉన్నది గద?"

"నేను సెప్తున్నాను కదా!"

ఆ మాట టేపు మీద పడింది. కానీ టేపును నెలకొకసారి చెరిపి మళ్ళీ వాడేవారు. చెరగనిది నేనొక్కదాన్నే, నాకు నోరు లేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ ముచ్చటేసింది. ఆ ఇద్దరూ ఎండ గురించీ, వంకాయ కూర గురించీ రేడియోలో రెండేసి ముక్కలు మాట్లాడుకుంటుంటే నేను గాలి ముల్లు ముందు నిలబడి చెవులు రిక్కించేదాన్ని. కంచే చేను మేసిందంటారే, ఆ కంచెలో నేనూ ఒక కర్రనే.

ఏప్రిల్ నెల, పదిన్నర వేళ. ఒక విమానం గద్దను కొట్టి దిగింది. రన్‌వే మధ్యలో పడిన ముక్కలు ఏరడానికి మొగిలయ్య వెళ్ళాడు. జగన్నాథం నన్ను ముల్లు ముందు నిలబెట్టాడు. అంతదాకా బాగానే ఉంది. ఇంతలో ఒంటరిగా ఎగురుతున్న శిక్షణ పైలట్ ఒకడు దిగడానికి అనుమతి అడిగాడు, ఇంధనం తగ్గుతోందన్నాడు.

"మొగిలయ్యా, అయిందేటి?"

"ఏరుడు అయిపాయె సార్. వస్త."

తెలుగువాడు ఇంటికి బయలుదేరుతూ ఏమంటాడు? పోతున్నానని అనడు, అది అశుభం. వస్తానంటాడు. జగన్నాథం చెవికి ఆ మాట అలాగే తగిలింది. పని అయిపోయింది, సెలవు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు అనుకున్నాడు. మొగిలయ్య చెప్పింది వేరు. ఏరడం అయింది, ఇప్పుడు బయలుదేరి రన్‌వే దాటి వస్తాను అని. ఇంకా రాలేదు. ఆ రెండిటికీ మధ్య ఒక మనిషి ప్రాణమంత దూరం ఉంది.

చెయ్యి నా మీద పడింది. నాకు వణుకు పుట్టి ఉండాల్సింది. పుట్టలేదు. హాయిగా లేచి వెళ్ళి ఫైళ్ళ మీద పడుకున్నాను. జగన్నాథం నా మీద టీ గ్లాసు పెట్టాడు, గాలి చూసి చెప్పాడు, దిగడానికి అనుమతి ఇచ్చాడు. దుర్భిణి పక్కనే ఉంది. ఎత్తి చూసి ఉంటే కనబడేది, ట్రాక్టరు మొరాయించి కదలకపోతే మొగిలయ్య వాకీటాకీ సీటు మీద వదిలేసి, కిందకి దిగి, హ్యాండిల్ తిప్పుతున్నాడు.

చివరి క్షణంలో ఆ పైలట్ కుర్రవాడే చూశాడు. ఇంజను ఒక్క గావుకేక పెట్టింది, దిగబోతున్న విమానం మళ్ళీ పైకి లేచింది. టవర్ అద్దాలు అదిరాయి, నా మీద గ్లాసు ఒలికింది. మొగిలయ్య కాంక్రీటు మీద బోర్లా పడి ఉన్నాడు. ఆయన తలగుడ్డ ఎగిరి గడ్డిలో పడింది. మోచేతులు గీరుకుపోయాయి, అంతే. మనిషి బతికాడు. నా వీపు మీద టీ మరక ఇప్పటికీ ఉంది.

విచారణకు బయటి నుంచి ఒక పెద్దాఫీసర్ వచ్చాడు. తెలుగు రాదు. బల్ల మీద సాక్ష్యంగా నన్ను పెట్టారు. టేపు మూడుసార్లు వేశారు. "వస్త" అనగానే ఆపి, "ఈ మాటకు అర్థం ఏమిటి?" అని జగన్నాథాన్ని అడిగాడు.

"మా భాషలో వెళ్ళిపోయేటప్పుడు అనే మాట సార్," అన్నాడు జగన్నాథం.

నిజమే. ఏ ఇంటి గుమ్మంలోనైనా అడగండి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను విన్న అబద్ధాలలో ఇంతకు మించినది లేదు.

తరువాత మొగిలయ్యను పిలిచారు. ఇంగ్లీషు మాట ఎందుకు చెప్పలేదని దుబాసీ ద్వారా అడిగారు. మొగిలయ్య జగన్నాథం వంక చూశాడు. జగన్నాథం తేలుకుట్టిన దొంగలా నా వంక చూశాడు. నేను ఎవరి వంకా చూడలేకపోయాను. 'సారే తెలుగుల చెప్పమన్నరు' అంటే చాలు, మొగిలయ్య గట్టెక్కేవాడు. ఆయన తల వంచి, "తప్పైంది సార్," అన్నాడు.

వారం తిరక్కుండా ఆయన గేటు పాసు రద్దయింది, పని పోయింది. వాకీటాకీ అప్పగించడానికి టవరెక్కి వచ్చాడు. అన్ని మెట్లు ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. అద్దాల్లోంచి రన్‌వేను చూసి, "ఇక్కడికెళ్లి గింత సాఫ్ కనబడ్తదా సార్?" అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. జగన్నాథం మెడ దాకా ఎర్రబడ్డాడు. వాకీటాకీని నా పక్కన పెట్టి, మొగిలయ్య గుమ్మం దగ్గర ఆగాడు.

"పోతున్న సార్."

అయ్యో, అలా అనకూడదు, వస్తానని చెప్పు, అని ఏ తెలుగువాడైనా చప్పున అంటాడు. జగన్నాథం నోరు కూడా తెరుచుకుంది. ఆ మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు?

మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గిపోయేదాకా జగన్నాథం నిలబడే ఉన్నాడు. ఆ సాయంత్రమే కాగితం తీసి రెండో వాంగ్మూలం రాశాడు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని, తాను మళ్ళీ అడగలేదని, దుర్భిణి ఎత్తలేదని, ఇంగ్లీషు మాట మాన్పించింది తానేనని. నాలుగు పేజీలు. ఫలితంగా ఆయనను టవర్ నుంచి తప్పించారు. మొగిలయ్యను తిరిగి తీసుకోమని ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు చేతికందిన రోజు, సామాను సర్దుకోవడానికి వచ్చిన జగన్నాథం టవర్ నుంచే మొగిలయ్య పల్లెలోని కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు. మొగిలయ్యను పిలుచుకురావడానికి చాలా సేపు పట్టింది. అంతసేపూ జగన్నాథం ఎడమచెయ్యి నా మీదే ఉంది.

"మొగిలయ్యా, తప్పు నాది. అంతా రాసి ఇచ్చేసాను. నీ పని నీకొచ్చింది. నన్ను చమించు. వస్తావు కదా?"

అవతలి నుంచి మెల్లగా, "వస్త సార్," అని వినబడింది. లైను తెగిపోయింది.

వస్తానన్నాడా? సెలవు తీసుకున్నాడా?

"మొగిలయ్యా, మళ్ళీ సెప్పు. మళ్ళీ ఒక్కసారి సెప్పు," అన్నాడు జగన్నాథం, తెగిపోయిన ఫోనులో. ఆ ఏప్రిల్ పూట అడగవలసిన మాట అది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనుషులకు అలవాటే, కానీ ఆ గొంతు విని నాకు వెక్కిరించబుద్ధి కాలేదు.

మర్నాడు ట్రాక్టరు షెడ్డు తెరిచి ఉంచారు. వారం పాటు ఉంచారు. మొగిలయ్య రాలేదు.

ఇప్పుడు నేను కంట్రోలర్ల శిక్షణ పాఠశాలలో, అక్కడ పాఠాలు చెప్పే జగన్నాథం బల్ల మీద ఉంటున్నాను. టవర్‌లో నా స్థానంలో ఎర్ర బల్బు వచ్చిందట. ఆయన జుట్టు నెరిసింది. ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజే నన్ను చేతిలోకి తీసుకుని ఈ కథ చెప్తాడు. 'ఒక కంట్రోలర్' అని మొదలుపెడతాడు, సగంలో 'నేను' అంటాడు. మొదటి మాట నుంచే 'నేను' అనడానికి ఇరవై ఏళ్ళయినా ఆయనకు నోరు రాలేదు.

క్లాసు అయ్యాక తెలుగు పిల్లలు ఒకరిద్దరు సందేహాలు అడగడానికి ఆగుతారు. వెళ్ళేటప్పుడు అలవాటుగా, "వస్తాం సార్," అంటారు.

"వస్తున్నారా, వెళ్తున్నారా? సరిగ్గా సెప్పండి," అంటాడు ఆయన.

హాస్యమనుకుని వాళ్ళు నవ్వుతారు. వెళ్తున్నామని వాళ్ళు చెప్పి, గుమ్మం దాటేదాకా ఆయన నా మీద నుంచి చెయ్యి తీయడు.