వరహాలమ్మ కోయించిన కుర్చీ

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఎర్రటిదాన్ని, చేతులున్నదాన్ని. పాత ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను కాబట్టి నా వంశం గురించి అడక్కండి. అనకాపల్లిలో వరహాలమ్మ టెంటుహౌసుకి లారీలో ఒకళ్లొళ్లో ఒకళ్లం కూర్చుని వచ్చాం. దిగీ దిగగానే ఆవిడ నన్నే లాగి, ధబీమని కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసి, "ఇది గట్టి పిండం. స్టేజీ మీదకి తియ్యండి" అంది.

ఇక చూస్కోండి నా వైభోగం! తెల్ల ముసుగు, వెనకాల రిబ్బను పువ్వు. పెళ్లికొడుకులు కూర్చున్నారు, నాయకులు కూర్చున్నారు. మనుషులు భలేవాళ్లులెండి. పెద్దవాళ్లని కళ్లల్లో పెట్టుకు చూసుకోవాలని మైకులో ఊదరగొట్టిన పెద్దమనిషి, పక్కనే నిలబడ్డ ముసలాయన్ని నా మీద కూర్చోమననే లేదు.

అంతలో వరహాలమ్మకి పక్షవాతం వచ్చి ఎడం చెయ్యీ కాలూ పడిపోయాయి. పరామర్శకొచ్చేవాళ్ల కోసం నన్ను ఆవిడ గదిలో వేశారు. కొడుకు సూర్రావూ, కోడలు నూకాలూ పొద్దున్నే పందిళ్లెయ్యడానికి పోతే వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. మంచం పక్కన అన్నం, చెంబుతో నీళ్లు పెట్టే వెళ్లేవారు, కాదనను. "మా అత్త బంగారం, ఎవర్నీ ఇబ్బంది పెట్టదు" అని నూకాలు అందరికీ చెప్పుకునేది. ఆ చెంబు రోజూ నిండుగానే ఉండడం నేను చూస్తున్నాను. నాకు నోరుంటేనా!

ఓ రోజు ఆవిడకి చలిజ్వరం, ఒకటే వణుకు. డాక్టరొచ్చి చూసి, "ఒంట్లో నీళ్లే లేవు. తాగనివ్వట్లేదా ఏంటి?" అని గద్దించాడు.

"చేతికందేలా పెట్టే వెళ్తున్నామండి" అని సూర్రావు బిక్కమొహం వేశాడు.

"నీళ్లు పెట్టార్రా. తాగితే నన్ను దొడ్లోకి తీసుకెళ్లేదెవరు?" అంది వరహాలమ్మ.

నూకాలు బావురుమంది. "ఏటత్తా, నాతో ఒక్క మాట చెప్పకూడదా!"

"ఏడుపు తర్వాత. ఆ ఎర్ర కుర్చీ ఇలా లాగు. సూర్రావూ, కూర్చునేచోట గుండ్రంగా కొయ్యరా. కింద బకెట్టు పెట్టండి."

"స్టేజీ కుర్చీయే అమ్మా!"

"ఇన్నాళ్లూ పెళ్లికొడుకుల్ని మోసింది. ఇప్పుడు నన్ను మోస్తుంది."

రంపం పడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పదిమందిలో వెలిగినదాన్ని, నాకు బకెట్టా! నన్ను మంచం పక్కనే గోడకి ఆనించి వేశారు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు వరహాలమ్మ కుడిచేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, పళ్లబిగువున జరిగి జరిగి నా మీదకి చేరింది. నేను ఇసుమంతైనా కదల్లేదు. "హమ్మయ్య" అందావిడ. నా కోపం ఎటు పోయిందో ఏమో, పెద్ద పెద్ద సభల్లో కూడా నాకంత గర్వం కలగలేదు.

మొన్న చుట్టాలొచ్చారు. వీధిలో వాళ్ల గొంతు వినగానే సూర్రావు కంగారుపడి పాత తెల్ల ముసుగు తెచ్చి, రిబ్బను పువ్వుతో సహా నాకు తొడిగేశాడు.

"తియ్యరా అది. నా కుర్చీకి ముసుగేటి?" అంది వరహాలమ్మ.

వాడు తీసేదాకా ఊరుకోలేదు. చుట్టాలంతా చూస్తుండగానే చెంబెత్తి గటగటా తాగేసి, ఖాళీ చెంబు కోడలి చేతిలో పెట్టింది.

"మళ్లీ నింపవే" అంది.