తడి అట్ట వాసన

ఆ హోటల్లో ఆమెని అందరూ ముక్కమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. గ్లాసులు కడిగే పనిలో చేరింది. పాలు విరగబోతున్నాయని విరక్కముందే చెప్పేది. వంటగదిలో గ్యాస్ కారుతోందని మొదట పసిగట్టింది కూడా ఆమే. చదువు బడితోనే ఆగిపోయినా ముక్కు మాత్రం ఆగలేదని వంటవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒకరోజు కడగాల్సిన గ్లాసుల అడుగున మిగిలిన చుక్కల్ని ఒక్కొక్కటిగా వాసన చూస్తూ పెద్దాయన కంటబడింది. పెద్దాయనంటే ఆ హోటల్లో వైన్ వడ్డనకి పెద్ద. తిడతాడనుకుని బిక్కచచ్చిపోయింది. ఆయన తిట్టలేదు. "ఈ రెంట్లో ఏది పాతది?" అని అడిగాడు. సరిగ్గానే చూపించింది. ఆ రోజునుంచి ఆమె చేతికి సబ్బునీళ్ళు తగ్గి, గాజు కాడలు పట్టుకోవడం ఎక్కువైంది.

గ్లాసుని పొట్ట దగ్గర కాకుండా కాడ దగ్గర పట్టుకోవడం, తెల్లగుడ్డ మీదికి వంచి అంచు రంగు చూడటం, ఒక్క తిప్పు తిప్పి వాసన పీల్చడం, గుటకంత నోట్లో పోసుకుని నాలుకంతా తడిపి బకెట్లో ఉమ్మేయడం అన్నీ ఆయనే నేర్పాడు. "మింగావా, ముక్కు మొద్దుబారిపోతుంది. మన పని తాగడం కాదు, తెలుసుకోవడం" అనేవాడు. ఎర్ర వైనుకి వగరే వెన్నెముక అని చెప్పింది కూడా ఆయనే. కుర్ర వైనులో ఆ వగరు నోటిని పిడికిలిలా బిగిస్తుంది. మంచి ఫ్రెంచి వైనయితే ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పిడికిలి వదులై అరచెయ్యిలా తెరుచుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. గెస్టు గ్లాసులో పోసేముందు వడ్డించే మనిషి ఒక గుటకంత తనకి పోసుకుని చూడాలి. బిరడా చెడితే వైనుకి తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది. పండు వాసన చచ్చిపోతుంది. అలాంటి సీసా ఎంత ఖరీదైనదైనా, ఎదురుగా ఎంత పెద్దమనిషి కూర్చున్నా, వెనక్కి పోవాల్సిందే.

కడుపు పండాక ఆమె ఉద్యోగం మానేసింది. ఆ నెలల్లో అన్నం, సబ్బు, మొగుడి చొక్కా, అన్నీ ఇనుము వాసనే కొట్టాయి. ఇప్పుడు చంటాడు బోర్లాపడి పాకుతున్నాడు. మధ్యాహ్నం వడ్డనకి మనిషి కావాలనీ, ఇంకో అమ్మాయి కూడా అడుగుతోందనీ, ఇద్దరికీ రుచి పరీక్ష పెడతాననీ పెద్దాయన కబురంపాడు. ఆ కబురు విన్నప్పటినుంచీ ఆమెకి కంటిమీద కునుకు లేదు. ఇంట్లో ఆమె ముక్కుకి మిగిలిన పనల్లా చంటాడి గుడ్డ తడిసిందా లేదా అని చూడటమే. తనని ముక్కమ్మా అని పిలిచే చోటికి మళ్ళీ వెళ్ళకపోతే తను ఇంక ఎవరికీ ఏమీ కాదనిపించింది. వాసన తిరిగొచ్చిందో లేదోనన్న భయమొకటి. కనిపించిన ప్రతిదాన్నీ, ఆఖరికి తలుపు గొళ్ళేన్ని కూడా, వాసన చూసి చూసి మొగుడి చేత నవ్వించుకుంది.

వెళ్ళే రోజు చంటాడికి పాలిచ్చి, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, అత్తగారి చేతికిచ్చింది.

"పాలిచ్చే తల్లివి. సారా రుచి చూడ్డానికి బయల్దేరావన్నమాట" అంది అత్తగారు.

"సారా కాదత్తయ్యా, వైను. అదైనా మింగను. ఉమ్మేస్తాను."

"ఉమ్మినందుకు జీతమిస్తారా! మా రోజుల్లో ఉమ్మితే వీపు పగలగొట్టేవాళ్ళు." చంటాడి ముక్కు తుడుస్తూ, "కూర తిన్నావుగా, ఎలా ఉంది?" అని అడిగింది.

ఉప్పు కషాయంలా ఉంది. "చాలా బాగుందత్తయ్యా" అంది కోడలు.

ఆ మాట ఆమెకి ఊరికే అలవడలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఇలాగే అడిగితే "కాస్త ఉప్పెక్కువైందేమో" అంది. అంతే, అత్తగారు ముసుగు తన్ని పడుకుంది. ముద్ద ముట్టలేదు, మాటాడలేదు. "బాగుందంటే నీ సొమ్మేం పోయేది?" అని మొగుడు విసుక్కున్నాడు. నిజమే, సొమ్మేం పోలేదు. అప్పట్నుంచి ఉప్పెక్కువైనా బాగుంది, ఉడక్కపోయినా బాగుంది. నాలుకకీ నోటికీ మధ్య గోడ లేచింది. ఇంట్లో గొడవ తగ్గింది.

హోటల్ హాలు ఇంకా తెరవలేదు. కుర్చీలు బల్లలమీద కాళ్ళు పైకెత్తుకుని ఉన్నాయి. ఒక్క బల్లమీద మాత్రం తెల్లగుడ్డ పరిచి, గ్లాసులు పెట్టి, కింద బకెట్ ఉంచారు. పక్కనే ఇస్త్రీ మడత నలగని కోటులో ఒక పొడుగమ్మాయి నిలబడి ఉంది. ఈ పని కోసం ప్రత్యేకంగా కోర్సు చదివొచ్చిందట.

"మీరేనా ముక్కమ్మ? మీ గురించి వంటగదిలో కథలు కథలుగా చెప్తున్నారు" అంది ఆ పిల్ల. గొంతులో వెటకారం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

పెద్దాయన సీసా తెచ్చాడు. చీటీ మీద కోట బొమ్మ. ఫ్రాన్సు నుంచి వచ్చిన బోర్డో వైను. మామూలుగా ఇలాంటివి తాళం వేసిన అరలో పడుకుని ఉంటాయి. బిరడా ముందే తీసి ఉంది. ముగ్గురికీ తలో గుటకంత పోశాడు. తన గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా" అన్నాడు. "ఇలాంటిది తెరవడమంటే మాటలా! పాత మనిషివి, నువ్వు చెప్పమ్మా ముందు. ఎలా ఉంది?"

ముక్కమ్మ గ్లాసు వంచి చూసింది. అంచున ఇటుక రంగు తేలింది. వయసున్న వైనే. తిప్పి వాసన పీల్చింది.

తడి అట్ట.

వానలో నానిపోయి, మూలన పడేసి మరిచిపోయిన పెట్టె వాసన. ఇంకోసారి పీల్చింది. అదే. నోట్లో పోసుకుంది. పండు లేదు, ఎక్కడో గోడవతల ఎవరో గొణిగినట్టు కాస్త పులుపు మాత్రం ఉంది. బకెట్లో ఉమ్మింది.

ముక్కు తిరిగొచ్చేసింది! ముందు ఆ సంతోషమే వచ్చింది. ఆ వెనకే భయం తోసుకొచ్చింది. పెద్దాయనేమో ఆహా అన్నాడు. నేర్పినవాడికి తెలియదా? ఇంత ఖరీదైన సీసా తన కోసం తెరిస్తే పాడైందంటే మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? రోజంతా ఆరని గుడ్డల మధ్యే కదా బతుకుతోంది, ఆ తడి వాసనే ముక్కులో ఉండిపోయిందేమో. ఆయన ఆమె మొహం వంకే చూస్తున్నాడు, మంచి మాట కోసం ఎదురుచూస్తున్నట్టు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. రోజూ కంచం ముందు చూసేదే.

"చాలా బాగుందండీ" అంది.

"ఏమేం తగిలాయి?"

ఒకటి అన్నాక రెండోది కష్టం కాదు. "నేరేడు పళ్ళు. అప్పుడే చెక్కిన పెన్సిలు. కాస్త పొగాకు. వగరు మెత్తబడింది" అంటూ, ఎప్పుడో మంచి సీసాలో దొరికినవన్నీ గుర్తుతెచ్చుకుని ఈ చచ్చిన వైను నెత్తిన పెట్టింది.

పెద్దాయన తలూపి పొడుగమ్మాయి వైపు తిరిగాడు. ఆ పిల్ల వాసన చూసింది. మొహం చిట్లించింది. ముక్కమ్మ వైపోసారి, పెద్దాయన వైపోసారి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"క్షమించండి సార్. నా తప్పేమో తెలీదు. కానీ ఇది పాడైంది. అట్టపెట్టె వాసన వస్తోంది. నేనైతే గెస్టుకి పొయ్యను."

 పెద్దాయన తన గ్లాసులోది తాగకుండానే బకెట్లో వొంపేశాడు.

"నిన్న గెస్టు ముందు నేనే వెనక్కి తీసుకున్న సీసా ఇది. పరీక్ష కోసమే దాచాను" అన్నాడు. పొడుగమ్మాయిని, "సోమవారం వచ్చెయ్యమ్మా" అని పంపేశాడు. వెళ్తూ ఆ పిల్ల ముక్కమ్మ చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో మానేసింది.

"కుర్చీ దించుకుని కూర్చో" అన్నాడాయన. ముక్కమ్మ నిలబడే ఉంది.

"పసిగట్టలేకపోయావంటే నేను నమ్మను. నీ ముక్కు నాకు తెలుసు. మొదటిసారి పీల్చగానే నీ కనుబొమలు కదిలాయి."

ఆమె తల వంచుకుని బకెట్ వంక చూసింది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఆహా అన్నారు కదండీ."

"గెస్టులూ అంటారు. తెలిసీ తెలియక, నలుగురి ముందు గొప్పకి అంటారు. వాళ్ళతో పాటు నువ్వూ ఆహా అంటే, వాళ్ళ పక్కన కూర్చున్న తెలిసినవాడు మనల్ని చూసి నవ్విపోతాడు. నీ ముక్కు నాకొద్దమ్మా, అది నాకూ ఉంది. నాకు కావలసింది నోరు. ఊరుకున్నా సరిపోయేది. నేరేడు పళ్ళన్నావు చూడు, అక్కడ నా మనసు విరిగింది."

అని లోపలికెళ్ళి అలాంటిదే ఇంకో సీసా తెచ్చాడు. సాయంత్రం విందుకోసం తెరిచి గాలికి పెట్టిందట. అందులోంచి గుటకంత పోసి ఆమె ముందు పెట్టాడు. "ఇది చూసి వెళ్ళు. ఇంతకాలం నేర్పినందుకైనా నీకు ఇది బాకీ."

వద్దనాలనుకుంది. చెయ్యి దానంతటదే కాడని పట్టుకుంది.

ముందు ఏమీ రాలేదు. తిప్పగానే మెల్లిగా నేరేడు వచ్చింది, పండు తినేశాక చేతికి మిగిలే వాసన. దాని వెనక ఎండు ఆకులు, పాత చెక్క బీరువా తెరిచినప్పుడొచ్చే చల్లదనం. నోట్లో పోసుకుంటే వగరు పళ్ళని ఒక్కసారి తడిమి, తడిమినట్టే ఉండి, పట్టులా జారిపోయింది. పులుపు ఎక్కడా తొందరపడలేదు. ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి, ఆఖరున వాన పడబోయేముందు మట్టి. తన జీవితంలో నోట్లో పెట్టుకున్నవాటిలో ఇంత నిజమైంది ఇంకోటి లేదనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మింగాలనిపించింది. ఈ ఒక్కసారికి. కానీ రవిక కింద పాలు చేపుకొస్తున్నాయి, చంటాడి పాల వేళ. ఇంక ఉంచుకోలేననిపించేదాకా నాలుక మీద ఉంచుకుని, వంగి, దాన్ని చచ్చిన వైనున్న బకెట్లోనే ఉమ్మేసింది.

"ఏమేం తగిలాయి?" అన్నాడు పెద్దాయన.

అన్నీ చెప్పింది. ఒక్కటి వదలకుండా, ఎక్కడ కాస్త చేదుందో అది కూడా.

"ఇప్పుడు చెప్తున్నావు" అన్నాడాయన, సీసాకి బిరడా పెడుతూ.

బస్సులో వస్తున్నంతసేపూ ఆమె తనని తాను తిట్టుకుంది. నోరు లేని బతుకూ ఒక బతుకేనా అనుకుంది. ఇంక ఎవరేమనుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిందే అని పళ్ళు బిగించింది.

గుమ్మంలో అడుగుపెట్టగానే చంటాడు చేతులు చాచాడు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. పాలిస్తూ కూర్చుంటే అత్తగారు టీ తెచ్చి చేతికిచ్చింది. కప్పు పెదాలదాకా రాకముందే వాసన తగిలింది. పాలు అడుగంటాయి.

"తాగు. ఎలా ఉంది?" అంది అత్తగారు అలవాటుగా.

"మాడు వాసనొస్తోందత్తయ్యా. పాలు అడుగంటాయి. తాగలేను" అంది కోడలు. గొంతు కాస్త పెద్దదే అయింది.

 ముసుగు తన్నుతుందని, గిన్నెలు విసురుతుందని ఎదురుచూసింది. అత్తగారు కప్పు తీసుకుని తనే ఒక గుక్క తాగి చూసింది.

"అవును, అడుగంటాయి. వీడు గుక్కపట్టాడు. భుజాన వేసుకుని వీధిదాకా తిప్పాను. ఈలోగా..." అని ఆగింది. కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. "అయితే ఇన్నాళ్ళూ బాగుందన్నవన్నీ?"

కోడలు చంటాడిని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. అత్తగారు కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిద్రపోయిన చంటాడిని పడుకోబెట్టడానికి గదిలోకి వెళితే, తలుపు వెనక మేకుకి, హోటల్లో వడ్డనకి వేసుకునే తన పాత నల్లకోటు వేలాడుతోంది. పెట్టె అడుగునుంచి తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. ఎప్పుడో ఊడిపోయిన మధ్య గుండీ కూడా కుట్టి ఉంది. దారం రంగు కలవలేదు. దగ్గరికెళ్ళి ముక్కు ఆనించింది. సబ్బు, ఇస్త్రీ వేడి, కాస్త మాడిన పాలు.

వంటింట్లో గిన్నె గీకుతున్న చప్పుడు. ఆ చప్పుడు మధ్యలోంచే అత్తగారు అడిగింది.

"ఇంతకీ ఎప్పట్నుంచి రమ్మన్నారు?"

కోటు చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"రమ్మనలేదత్తయ్యా" అంది.

గీకుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.