జమీందారు కూర్చోని సింహాసనం

నేను ఒక కుర్చీని. కాకినాడలో ఒక వడ్రంగి నన్ను టేకుతో చేసి, సీటుకు మాత్రం ప్లైవుడ్ వేశాడు. పోలేశ్వరరావు సెలూన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. జనం తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ప్రభుత్వాన్ని తిట్టేవారు.

తిరిగే కుర్చీలు వచ్చాక పోలేశ్వరరావు నన్ను కాలేజీ నాటకానికి ఇచ్చేశాడు. కుర్రాళ్లు తల ఆనించే చెక్క ఊడదీసి, బంగారు రంగు పూసి, సింహాసనం చేశారు. నాటకం అయ్యాక స్టోరు గదిలో పడేశారు.

కొన్నేళ్లకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన భాస్కరమూర్తి గారు నన్ను చూసి, "ఈ ఊరి జమీందారు గారి సింహాసనం!" అన్నారు. వారం తిరిగేసరికి, నూట యాభై ఏళ్ల కిందట ఆ జమీందారు నా మీద కూర్చుని తీర్చిన తగాదాలు కూడా ఆయనకు తెలిసిపోయాయి.

నేనంటే ఆయనకు గౌరవం. చరిత్ర అంటే లేదు. బి.ఏ. చరిత్ర గ్రూపును ఆ ఏడాదితో ఎత్తేయాలనుకున్నారు. "చచ్చినవాళ్ల గురించి చదివితే ఉద్యోగం ఎవడిస్తాడు?" అనేవారు, నా చేతిని నిమురుతూ.

ఆ గ్రూపులో చదివే నూకరత్నం ప్రాజెక్టు కోసం నన్ను ఎంచుకుంది. ప్రిన్సిపాల్ గారు సంతోషించారు. మర్నాడు తనిఖీకి వచ్చే మేడమ్‌ని నా మీద కూర్చోబెట్టాలని ఆయన ఉద్దేశం. నూకరత్నం నన్ను బోర్లా తిప్పింది.

"సార్, అడుగున ప్లైవుడ్ ఉందండి. అప్పట్లో ఇదెక్కడిదండి?"

"మరమ్మతు చేయించుంటారమ్మా."

"వెనకాల ఈ రెండు కన్నాలెందుకండి?"

"జెండాలకి."

"సందుల్లో జుట్టు ముక్కలున్నాయండి."

"జమీందారు గారి జుట్టే! సీసాలో పెట్టమ్మా!"

"నల్లదీ, తెల్లదీ, గోరింటాకు పెట్టిందీ కలిసున్నాయండి. ఎంతమంది కూర్చున్నారంటారు? ఇది సెలూన్ కుర్చీ సార్."

ఆయన నన్ను నిలబెట్టి, నా మీదే కూలబడ్డారు.

"రేపొచ్చే మేడమ్ ఏ సబ్జెక్టు చెబుతారో తెలుసా నీకు?"

"చరిత్రేనంటండి."

ఆయన లేచి, వంగి నా అడుగున చూశారు.

"ఇవన్నీ మీకు క్లాసులో నేర్పుతారా?"

"ఎవరేం చెప్పినా, మీకెలా తెలుసని అడగమంటారండి. వచ్చే ఏడు ఇలా అడిగేవాళ్లుండరు కదండీ మరి."

మర్నాడు నేను చరిత్ర తరగతి గదిలో ఉన్నాను. నా మీద అట్టముక్క: 'సెలూన్ కుర్చీ. కొన్నాళ్లు పొరపాటున సింహాసనం.' మేడమ్ చదివి పకపకా నవ్వారు. "మా పిల్లలే తేల్చారండి. అందుకే ఈ గ్రూపును మేం వదులుకోం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ మాట నూకరత్నం వెంటనే రాసుకుంది, తేదీతో సహా.

సాయంత్రం ఆయన ఒక్కరే వచ్చి గొంతు తగ్గించారు.

"అమ్మా, మా ముత్తాత గారి కత్తి ఒకటుంది మా ఇంట్లో. యుద్ధంలో వాడారని మా నాన్నగారు చెప్పేవారు. చూస్తావా?"

"తీసుకురండి సార్, చూస్తాను."

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"వద్దులే," అన్నారు.