చెయ్యి దూరని ట్యాంకు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: పక్కనే ఉండి కూడా తనకు తెలియకుండానే పాప ఊపిరి ఆగిపోతుందని.

చలి మొదలయ్యాక రోజంతా హీటరు వేసి ఉంచే ఆ చిన్న గదిలో గాలి ఎండిపోయింది. ఏడు నెలల పాప ముక్కులో రక్తపు చారలు కనిపించాయి. గాలికి తేమ పట్టించే మిషను కొందామని ఆమె దుకాణానికి వెళ్లింది. నీళ్లు మరగబెట్టి ఆవిరి వదిలేవి పిల్లలున్న ఇంట్లో వద్దన్నాడు దుకాణం మనిషి. చల్లటి తుంపర వదిలేది తీసుకోమని, ఏది తీసుకున్నా ట్యాంకు మూతిలోకి చెయ్యి దూరుతుందో లేదో చూసుకోమని చెప్పాడు. చెయ్యి దూరకపోతే కడగలేరట.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మొగుడు నవ్వాడు. తన అక్క ఇంటి అటక మీద ఒకటి పడి ఉండగా మళ్లీ కొనడమెందుకన్నాడు. మర్నాడే ఆడపడుచు దాన్ని తెచ్చి, ఏనుగును దానమిచ్చినంత ఠీవిగా బల్ల మీద పెట్టింది. తెల్లటి మిషను, నీలం మూత. దాని మూతి చూస్తే సీసా మూతంత. దీన్ని కడగడమెలా వదినా అని ఆమె అడిగింది.

"నీళ్లు పొయ్యి, మీట తిప్పు. తొమ్మిదో క్లాసులో చదువాపేస్తే మాత్రం, ఇది కూడా తెలీదా?"

ఆ మాటతో ఆమె మళ్లీ ఎవర్నీ అడగలేదు. నీళ్లు పారబోస్తే అత్తగారు ఊరుకోరు. అందుకని రోజూ అడుగున మిగిలిన పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పోసేది. మూడు వారాలు అలాగే గడిచాయి. పాప దగ్గుతుంటే తేమ చాలలేదేమోనని మీట ఇంకాస్త తిప్పి, మిషను ఉయ్యాల దగ్గరికి జరిపేది.

పాప ఊపిరందక డొక్కలెగరేస్తుంటే ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ అంతా విని, ట్యాంకు ఎప్పుడు కడిగారని అడిగింది. ఆమె పాప బట్టల కోసం ఇంటికొచ్చినప్పుడు గరిటె కాడకు గుడ్డ చుట్టి ట్యాంకులో తిప్పింది. గుడ్డ నిండా గులాబీ రంగు జిగురు. ఇన్నాళ్లూ ఏరికోరి బిడ్డ ముక్కుకు పట్టించింది దీన్నే.

ఆరు రోజులకు పాప ఇల్లు చేరింది. ఊపిరిలో పిల్లికూత మాత్రం పోలేదు.

"కన్నతల్లివి. నీళ్లు కుళ్లాయో లేదో చూసుకోవద్దూ?" అన్నారు అత్తగారు. పారబొయ్యొద్దన్న నోరూ అదే. ఆడపడుచు వచ్చి, తన వస్తువుకు వంక పెట్టారని మూతి ముడుచుకుని, మిషనును పైపైన తుడిచి పట్టుకుపోయింది. తన ఆఫీసులో కొత్తగా కాన్పైన అమ్మాయికి ఇచ్చేసిందట. ఎవరా అమ్మాయని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

"నీలా కాదులే. అది చదువుకున్న పిల్ల."

చదువుకున్న చెయ్యయినా ఆ మూతిలో దూరదు.

మీకు తెలిసినవాళ్లలో ఈ చలికాలం కాన్పైన అమ్మాయి ఉంటే ఒక్కసారి వెళ్లి చూసి రండి. ఉయ్యాల పక్కన నీలం మూత ఉన్న తెల్లటి మిషను కనిపిస్తే, ఆ అమ్మాయినేమీ అనకండి. గరిటె కాడకు గుడ్డ చుట్టి లోపల తిప్పండి.