వంకర నవ్వుల ఫోటో

నేను ఒక ఫోటో ఫ్రేమును. తెనాలి బజారులో పటాలు కట్టే దుకాణంలో పుట్టాను. టేకు రంగు పూసిన వేపకర్ర నా ఒళ్ళు. నాతోపాటు తయారైనవాటిలో కొన్ని దేవుళ్ళను మోయడానికి వెళ్ళాయి, కొన్ని పోయినవాళ్ళను మోయడానికి వెళ్ళాయి. బతికున్న మనుషుల కోసం ఫ్రేము కొనేవాళ్ళు తక్కువని నాకు అక్కడే తెలిసింది.

ఆ తక్కువ మందిలో శేషకుమారి ఒకతె. ఆమె భర్త పున్నారావు ఆర్టీసీలో బస్సు డ్రైవరు. "ముందు ఫ్రేము ఇంట్లో ఉంటే, ఫోటో ఎలాగైనా దిగుతాం" అని దుకాణదారుతో చెప్పి నన్ను కొనుక్కుంది. పల్లకీ ముందు తెచ్చుకుని పెళ్ళికూతుర్ని తర్వాత వెతికినట్టయింది.

అప్పటికి నాలో దుకాణంవాళ్ళు పెట్టిన బొమ్మ కాగితం ఉంది. ఎవరో తల్లీ తండ్రీ పిల్లలూ మంచులో నిలబడి నవ్వుతుంటారు. వాళ్ళతోనే నన్ను హాల్లో తగిలించారు. చుట్టాలొచ్చి "ఎవరమ్మా వీళ్ళు?" అని అడిగితే, "వచ్చే ఆదివారం మాది పెడతామండీ" అనేది కుమారి.

ఆ ఆదివారం రాలేదు. కూతురు లిఖితకు ముందుపళ్ళు ఊడాయి, అవి వచ్చాక దిగుదామన్నారు. పళ్ళు వచ్చేసరికి కుమారికి తను లావయ్యాననిపించింది, కాస్త తగ్గాక దిగుదామంది. తగ్గడం మాట అటుంచి, పట్టుచీర మీది జాకెట్టు ఇంకా బిగుతయింది. తర్వాత ఎండలు. ఎండలయ్యాక పున్నారావుకు పుష్కరాల డ్యూటీలు. మనుషులు నవ్వడానికి కూడా ముహూర్తం చూస్తారని నేను ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను.

ఒకరోజు పొద్దున పున్నారావు నోరు పుక్కిలిస్తుంటే ఒక పక్కనుంచి నీళ్ళు కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకు లాగేసి ఉంది. ఎడమ కన్ను మూతపడడం లేదు. పక్షవాతం కాదని, మొహానికి వెళ్ళే నరం వాచిందని, చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుందని డాక్టరు చెప్పాడట. పూర్తిగా తగ్గుతుందా అని కుమారి అడిగితే, ఇప్పుడే చెప్పలేనన్నాడట.

పున్నారావు సెలవు పెట్టాడు. వీధిలోకి వెళ్ళడం మానేశాడు. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఆ గోడ మీద ఉన్నది నేనే కాబట్టి, అతను ఇంట్లోవాళ్ళకు దాచుకున్న మొహాన్ని రోజూ నేను చూశాను. ముద్ద పెట్టుకుని, పక్కకు జారిన మెతుకుల్ని వేలితో లోపలికి నెట్టుకునేవాడు.

"ఇంక ఫోటో ఊసెత్తకు. మొహం బాగుపడ్డాక చూద్దాం" అన్నాడు భార్యతో. ఆమె తలూపింది.

అతని తల్లి నాంచారమ్మ ఇదంతా వింది. మధ్యాహ్నం కోడలితో కలిసి చిక్కుడుకాయలు తుంచుతూ నెమ్మదిగా అంది: "మీ మావయ్యా ఇట్టాగే అనేవాడు కుమారీ. కోతలైనాక దిగుదాం, ఇంటికప్పు నేయించినాక దిగుదాం అని. పోయినాక వెతికితే ఎవరిదో పెళ్ళి ఫోటోలో దొరికాడు. వంగి వడ్డిస్తా ఉన్నాడు. నడినెత్తి తప్ప ఏం కనపడదు." ఇంకో కాయ తుంచింది. "ఆయనకి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉండేది. కుడిబుగ్గో, ఎడమబుగ్గో ఇప్పుడు నాకు గుర్తు రావట్లా."

కుమారి చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. లేచి, ఫోను తీసి స్టూడియోకు చేసింది. "రేపు పొద్దున ఖాళీ ఉందాండీ? నలుగురం వస్తాం." అంతే. ఇన్నాళ్ళూ కొండలా కనబడిన పని ఆ రెండు మాటలతో అయిపోయింది.

పున్నారావుకు కోపం వచ్చింది. "ఈ మొహంతోనా? జనం నవ్విపోతారు."

"గోడకి పెట్టుకునేది మనం, జనం కాదు" అంది కుమారి. "నాకు జాకెట్టు పట్టదు. అత్తయ్యకి పళ్ళు లేవు. అందరం బాగున్నాకే దిగాలంటే ఇంక దిగినట్టే. ఈ మొహం మేం ఎరగనిదేం కాదు. మీరు లేకుండా మాత్రం నేను దిగను."

మర్నాడు పున్నారావు అందరికంటే ముందు లేచి గడ్డం గీసుకున్నాడు.

స్టూడియోలో జరిగింది నేను చూడలేదు. తర్వాత ఆ ఇంట్లో పదేపదే చెప్పుకోగా విన్నాను. "సార్, కొంచెం పక్కకి తిరగండి, మూతి కనపడకుండా తీస్తా" అన్నాడట ఫోటోగ్రాఫరు. పున్నారావు తిరగబోయాడు. లిఖిత, తండ్రి మొహంలోకి చూసి, తన మూతి కూడా అదే పక్కకు లాగిపెట్టింది. అది వెక్కిరింత కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. అది చూసి నాంచారమ్మ బోసినోటితో తనూ మొదలుపెట్టింది. పున్నారావుకు నవ్వాగలేదు. అన్నాళ్ళ తర్వాత అదే అతను నవ్వడం.

ఆ క్షణమే నాలోకి వచ్చి కూర్చుంది. ముగ్గురి మూతులూ కుడివైపుకే ఉన్నాయి. కుమారి ఒక్కతే కెమెరా వంక చూడడం లేదు, భర్తను చూస్తోంది.

నెలలు గడిచాక నరం కోలుకుంది. కన్ను మూతపడింది. పున్నారావు మళ్ళీ బస్సెక్కాడు. "ఇప్పుడు బాగున్నారుగా, ఇది తీసేసి ఇంకొకటి పెట్టుకోండి" అని చుట్టాలు సలహా ఇచ్చారు. "ఇంకొకటి దిగుతాం. ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది" అంది కుమారి.

నేనిప్పటికీ ఆ గోడ మీదే ఉన్నాను. మొన్న డ్యూటీకి బయలుదేరుతూ పున్నారావు నా ముందు ఆగాడు. ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఫోటోలో ఉన్నట్టు మూతిని కుడివైపుకు లాగడానికి ప్రయత్నించాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఎంత లాగినా నవ్వు తిన్నగానే వచ్చింది.

"ఎట్టా పెట్టావే అమ్మా ఆ రోజు?" అని కూతుర్ని పిలిచాడు. సగం అల్లిన జడతో వచ్చి, లిఖిత అతని పక్కన నిలబడి చూపించింది.